వెనకవైపు నుంచి

మూడు రోజులు, పదకొండు షోలు.
ఏది మంచిగున్నదని మా గల్లీల అడుగుతున్నరు.
ముందట నుంచి నేను ఒక్కటి గూడ చూడలే.
నాకు తెలిసినవి వీపులు,
హుక్కులు, జిప్పులు, నాడాల ముడులు,
మెడల మీద చెమటకు గడ్డకట్టిన పౌడరు.
నల్ల పరదాకు ఇవతల నా జాగ.
వెలుతురంత అవతల.

మాదాపూర్‌ల పెద్ద హాలు.
లోపట ముప్పై మందికి ఒక్క నిలువుటద్దం,
బల్ల మీద సల్లారిన సమోసలు.
ఒక బట్ట విప్పి ఇంకోటి తొడిగేటందుకు
నలభై సెకండ్లు. మేడం గడియారం పట్టుకొని నిలబడ్తది.
గుడ్డ చినిగితే నా పానం, గుండీ ఊడితే నా కూలి.

నచ్చింది చెప్పమంటే చెప్త.

మొదలు తేలియా రుమాలు.
సంచి తెరిచినప్పుడే నూనె వాసన గుప్పుమన్నది.
అత్తరు పూసుకొచ్చిన పిల్లలు ముక్కులు మూసుకున్నరు.
నేను ఒక కోటు చెయ్యిల మొఖం పెట్టిన.
ఆముదం, బూడిద, ఎండ,
పుట్టపాకల ఎవరో ఎన్ని దినాలు పిసికిన్రో ఆ నూలు.
ఎరుపు, నలుపు, తెలుపు.
ఇంకో రంగు అడగదు ఆ బట్ట.
దాన్ని పాంట్లు కుట్టింది చిలువేరు మౌక్తిక.
ఇరవై ఆరేండ్ల పిల్ల, గోర్లు కొరుక్కుంట కూసున్నది.
పాంట్లకు జేబులు పెట్టింది!
ఆడపిల్లకు, మోచెయ్యి దాక పొయ్యే జేబులు.
చేతులేడ పెట్టుకోవాల్నో తెల్వక
ఎవరూ సతాయించలే ఆ ఒక్క షోల.

తర్వాత పాతబస్తీది.
మొగల్‌పురా కార్ఖానాల చేసిన ఖడా దుపట్టాలు.
ఒక్కొక్కటి ఆరు గజాలు, మడతపెట్టి పిన్నులు గుచ్చేసరికి
నా బొటనవేలు జల్లెడ.
ముందట జర్దోజీ ధగధగలాడిందట.
నేను తిరగేసి చూసిన.
అస్తరు కింద దారాలు చీమల బారు లెక్క పోతున్నయి.
ఒకకాడ నీలం ఒడిసిపోతే పచ్చది ముడేసి నడిపిచ్చిండు.
ఆ పక్కన పెన్సిల్‌తోని ఉర్దూల ఏదో రాసున్నది.
సల్మాబీకి చూపిచ్చిన. చదివి నవ్వింది.
"కొలత గాదే. పాలోనికి ఇయ్యాల్సింది, నూట ఎనభై."

లక్షన్నర బట్ట లోపట ఆ పాల బాకీ
లైట్ల కింద నడిచింది,
కొసకు పోయి, నడుము మీద చెయ్యి పెట్టి నిలబడి,
తిరిగొచ్చింది.

మిగిలినయి యాదికి లేవు.
ఈకలు, అద్దాలు. ఒకాయన కరెంటు వైరుతోని గౌను చేసిండు,
తలుపుల పట్టలే.

ఆఖరు దినం బొల్లారం పిల్ల మెర్సీకి జిప్పు తెగింది.
ఇరవై సెకండ్లున్నయి. మేడం నోట మాట లేదు.
నేను సూది తీసి
ఆ పిల్లను బట్టలనే పెట్టి కుట్టేసిన,
వీపు పొడుగూత, పెద్ద పెద్ద టాకాలు.
ఊపిరి పట్టు బిడ్డా అన్న, పట్టింది.
దారం పంటితోని తెంపితే
దాని చెమట ఉప్పు నా నాలుకకు తగిలింది.
పో అన్న.
చప్పట్లు వినబడ్డయి. దేనికో తెల్వదు.
వచ్చినంక ఒక్కొక్క కుట్టు ఇప్పుతుంటే
గట్టిగ ఊపిరి ఇడిచింది.
అప్పటిదాక పట్టే ఉన్నదో ఏమో పిచ్చిది.

రాత్రి ఆఖరు మెట్రోకు ఉరికొస్తే
తనిఖీ కాడ మిషన్ కూతపెట్టింది.
ఖాకీ బట్టల పిల్ల ఏముందని తడిమితే
జాకెట్ అంచుకు పదిహేడు పిన్నీసులు,
కొంగుల నాలుగు, కత్తెర ఒకటి.
చిల్లర పైసల లెక్క ట్రేల పెట్టిన.
నవ్వుతదనుకున్న. నవ్వలే.
ఇటు అటు చూసి మెల్లగ మణికట్టు చాపింది.
చేతికి గుండీ లేదు.
"పొద్దటి సంది మడిచి తిరుగుతున్న.
ఒక పిన్నీసు ఇస్తవా అక్కా?"

పిన్నీసేంది?
పైన రైలొచ్చిన సప్పుడు.
పోతే పోనీ అని
సంచిల ఖాకీ దారం దేవులాడుతున్న.