పరుపు రేపు

పరుపు గట్టిపడింది, నిద్ర పట్టల్యా అంటివి.
చెయ్యేసి చూసినా టీచరమ్మా,
పోయినేడు నేనే ఏకి కుట్టిన దూది,
ఇంకా కుందేలు పిల్ల మాదిరే ఉండాది.
గట్టిపడింది పరుపు కాదు.

ఎంత పోయింది?

అట్ల చూడొద్దు. నాకెవరూ చెప్పల్యా.
మాటిమాటికీ ఫోను బోర్లా తిప్పి పెడ్తాండావే,
దాన్ని చూసి కనుక్కున్నా.
నా ఫోనూ మూడు దినాలు
ఇట్లనే బోర్లా పండుకునింది.

నాది ముప్పై ఎనిమిది వేల నాలుగునూర్ల తొంభైతొమ్మిది.
దూదేకే మిషనుకు సబ్సిడీ లోను వచ్చిందని ఫోను.
దస్తగిరమ్మ గారా అని అడిగినాడు.
గారు!
మా నాయన పేరు చెప్పినాడు, ఇంటి నంబరు చెప్పినాడు.
ఈ ఆదోనిలో నన్ను గారు అనే ఆఫీసు
ఏదుండాది, నువ్వే చెప్పు?
ఆడే పడిపోయినా.

ఫైలు చార్జి రెండువేలకు ఒక రూపాయి తక్కువ.
ఇన్సూరెన్సుకు ఆరున్నర వేలు.
పన్నెండు వేలు ఎందుకో ఇప్పటికీ తెల్దు.
కట్టినవన్నీ వాపసు రావల్లంటే
ఇంకో పద్దెనిమిది వేలు కట్టల్లంట.
బాయిలో పడిన చేద కోసం
ఇంకో చేద ఇడిసినట్టు,
అదీ కట్టినా.

మౌలాలికి చెప్పల్యా.
యార్డులో బేళ్లు మోసి మోసి భుజం కాయకాసిన మనిషి.
బేలుకు ఎంతిస్తారో నాకు తెల్సు.
ముప్పై ఎనిమిది వేలకు ఎన్ని బేళ్లో
రాత్రంతా లెక్క పెట్టినా.
నేను లెక్కపెడ్తాండంగానే
ఆ లెక్క ఏదో ఊర్లో ఏటీఎంలోంచి
నోట్లయి పోయింది.

పొదుపు లెక్క తీసుకోనీకి పోతే
యేలిముద్ర పడల్యా. యేలు వణుకుతాండె.
బ్యాంకు మిత్ర ఉరుకుందు, ఆ పిల్లోడు,
ఏమక్కా అని ఒక్క మాటే అడిగినాడు.
వాడే పంతొమ్మిది ముప్పైకి కొట్టిచ్చినాడు.

అవతల ఒకాయమ్మ. తిట్టల్యా.
ఎన్ని గంటలకు, ఏ నంబరుకు, ఎంత,
మెసేజీలో పొడుగు నంబరు ఏముండాది,
ఒక్కొక్కటే అడిగింది,
మేము దూదిలో గింజలేరినట్టు.
చివర్న మెల్లిగా,
"ఆ పొద్దే చేసింటే బాగుండు కదమ్మా" అనింది.
ఆ మాట ఇంకా ఈడ
కుట్టు పడి ఉండాది.

ఆరువేల రెండునూర్లు ఏదో బ్యాంకులో ఆపినారంట.
వస్తాదో, రాదో.
స్టేషనోళ్లిచ్చిన కాయితం బియ్యం డబ్బాలో దాచినా.
ఆడ నా ముందర కూచున్నాయన
రిటైరైన ఎమ్మార్వో.
రుమాలు పిండితే నీళ్లు కారేటట్టుండె.

నీది ఎప్పుడు? నిన్న సాయంత్రమా?
ఏమీ చెరపొద్దు.
వాడు పంపిన బొమ్మలు, వాడి మాటలు,
రోతయినా ఉండనీ.
వాడు ఎక్కిచ్చిన యాపు ఉంటే నెట్టు ఆపు.
బ్యాంకోళ్లకు చెప్పి కార్డు మూయించు.

ఇంకొకటి. వారం పొయ్యాక ఇంకొకడు చేస్తాడు,
పోయిన లెక్క తెప్పిస్తా, ఫీజు రెండువేలే అని.
నాకు చేసినాడు. అమ్మా అన్నాడు.
"అమ్మన్నావు కదా కొడకా, తింటివా?" అన్నా.
పెట్టేసినాడు.

మౌలాలికా? నాలుగో దినం చెప్పినా.
ఏమీ అనల్యా. లేసి బయటికి పోయినాడు.
గంట సేపటికి ఉగ్గాని పొట్లంతో వచ్చినాడు.
తింటా తింటా అడిగినాడు,
"నిజంగా ఆ మిషను ఎంతంట?"

బడిలో చెప్పుకునేదానికి నీకు నోరు రాదు, తెల్సు.
బడికి తర్వాత చెప్పు.
చెప్పకున్నా పాయె.

పరుపు ఈడే ఉండనీ.
రేపు ఎండలో ఏసి పెడ్తా, ఊరికే.
ఆ ఫోను ఇట్ల తిప్పు.
వెల్లకిలా.

ఒకటి. తొమ్మిది. మూడు. సున్నా.

ఆయమ్మ ఎత్తుతానే
ఏడుపు తర్వాత,
ముందు టైము చెప్పు.