తరుగు

కిసుము లైబ్రరీలో కిటికీ పక్క బల్ల నాది.
నాదంటే, తలుపు తీయకముందే వచ్చి నిలబడితే నాది.
చుట్టూ ఇరవయ్యేళ్ల పిల్లలు.
మొదటిరోజు పంతులమ్మననుకుని లేచి నిలబడ్డారు,
రెండోరోజు కాలిక్యులేటర్ అప్పడిగారు.

పదకొండేళ్లు చేపల ఫ్యాక్టరీలో పద్దులు రాశాను.
మానేసిన సాయంత్రం ఒకుము ఒక్కటే అడిగాడు,
జీతం రాని నెలలు ఏ ఖాతాలో రాస్తావని.
సస్పెన్స్ ఖాతా, అన్నాను,
తేడా ఎక్కడుందో దొరికేదాకా అక్కడే ఉంచుతారు.
నవ్వాడు. మర్నాటి నుంచి
మటాటు ఎక్కడం మానేసి పనికి నడిచి వెళ్తున్నాడు.

అరుగుదల పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు,
ముప్పై తొమ్మిదేళ్ల మోకాలు చెబుతుంది.
పన్నులు మాత్రం
తడి చేతిలో తిలాపియా.
రాత్రి కరెంటు పోతే అకెయో ఫోను దీపం పట్టుకుని
"ఆస్తి అంటే ఏమిటి?" అని అడుగుతుంది,
నేను చెప్పేలోపే నిద్రపోతుంది
దీపం నా పుస్తకం మీద పెట్టి.

నిన్న నైతిక నియమాల పాఠం.
కాటా తప్పని తెలిసిన గుమాస్తా ఏం చేయాలి?
అయిదు మార్కులు.

మా కాటా బుట్టకి రెండు కిలోలు తక్కువ చూపేది.
పడవలవాళ్లకి తెలుసు, మేనేజరుకి తెలుసు.
నేను తరుగు అని రాసేదాన్ని.
నీరు కారింది, మంచు కరిగింది, తరుగు.
నా దస్తూరీ బాగుంటుందని ఆడిటరు మెచ్చుకున్నాడు కూడా.
ముసలి ఒగోలా ఒక్కడే
కాటా ముల్లు వైపు కాక నా మొహంలోకి చూసేవాడు.
ఆ ముల్లు ఇంకా గొంతులో ఉంది.

జవాబు నాకొచ్చు.
ముందు పైవారికి చెప్పాలి, వినకపోతే కాగితం మీద పెట్టాలి,
అప్పటికీ వినకపోతే తప్పుకోవాలి.
అర పేజీ. అయిదుకి అయిదూ వస్తాయి.
నేనూ తప్పుకున్నాను గాని
అందుకు కాదు. పరీక్ష కోసం.

పేజీ తిప్పి వేరే లెక్క మొదలుపెట్టాను.
రోజుకి నలభై బుట్టలు, బుట్టకి రెండు కిలోలు,
ఏడాదికి మూడు వందల రోజులు, పదకొండేళ్లు.
రెండు లక్షల అరవై నాలుగు వేల కిలోలు.

పక్క కుర్రాడు తొంగిచూశాడు,
"ఇది ఏ పేపర్లోదమ్మా? సిలబస్‌లో లేదే."
లేదు నాన్నా.

మూసే గంట కొట్టారు.
మొత్తం తేలాక కింద రెండు గీతలు గీయాలి,
లెక్క ముగిసిందని.
స్కేలు పెట్టాను, పెన్సిలు ఆనించాను.
చెయ్యి రాలేదు.