రెండు కిలోల తరుగు

కెరిచో కొండల్లో పొగమంచు విడవకముందే
పచ్చాకు బస్తాలు వీపున మోసుకుంటూ
షెడ్డుకొస్తారు ఆడవాళ్లు.
పదకొండేళ్లుగా కాటా దగ్గర నిలబడేది నేనే.
ఆదివారం సంఘంలో పెద్దనీ నేనే.

మొదట్లో తడి ఆకుకే తీసేవాణ్ణి రెండు కిలోలు.
నీళ్లకు డబ్బులివ్వం కదా, అన్నాడు లారీ గుమాస్తా చెలూలే.
న్యాయమే అనిపించింది.
ఆ ఏడు వానల్లేవు.
ఆకు మీద తడి ఆరిపోయింది,
తరుగు ఆరలేదు.

పాపం తలుపు తట్టి రాలేదు నా ఇంటికి.
గోడకు చెమ్మ పట్టినట్టు వచ్చింది,
సున్నం వేసుకుంటూ బతికాను.

ఆ రెండు కిలోల్లో నా వాటా నాకొచ్చేది.
దాంట్లో పదో వంతు మాత్రం
ఒక్క షిల్లింగు తేడా రాకుండా ప్రభువుకు చెల్లించాను!
ప్రార్థన మానలేదు. మానేస్తే తెలిసొచ్చేదేమో.
ఉగాలీ ముద్ద ముందు కళ్లు మూసుకుంటే
నోరు దాని పని అది చేసుకుపోయేది,
కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అని
నేను వాసన చూస్తుండేవాణ్ణి.

కోత పండుగ వచ్చింది.
బల్ల ముందు మొక్కజొన్న కండెలు, గుమ్మడికాయలు,
కాళ్లు కట్టేసినా ఊరుకోని ఒక కోడిపుంజు.
కానుకలు తూచి చీటీ రాయడం నా పనే.
టబుటానీ వచ్చింది, ముప్పాతిక ఎకరం తేయాకుతో
నలుగురిని సాకే మనిషి.
జొన్నల సంచి కొక్కేనికి తగిలించాను.
"పద్నాలుగు" అన్నాను పైకి.
"పన్నెండు రాయి, పెద్దాయనా."
"అదేంటమ్మా?"
"తరుగు తియ్యవా? దేవుడికి తక్కువ పడకూడదని
రెండు కిలోలు ఎక్కువే పోసుకొచ్చాను."

ఆమె గొంతులో వెటకారం లేదు.
ఉంటే బతికిపోయేవాణ్ణి,
కోపం తెచ్చుకోడానికి వీలుండేది.
పుంజు అరుస్తోంది. వెనకాల ఎవరో నవ్వారు.
నా పెన్సిలు కదల్లేదు.

ఆ రాత్రి లాంతరు పట్టుకొని షెడ్డుకెళ్లాను.
ఉత్త కొక్కెం. ముల్లు సున్నా మీద.
పాపం, అదెన్నడూ అబద్ధమాడలేదు.
ఆడిందంతా నా పెన్సిలే.
ఏమనుకున్నానో ఏమో,
రెండు చేతులా కొక్కెం పట్టుకొని
కాళ్లు ముడిచి వేలాడాను.
దూలం కిర్రుమంది. డెబ్బై ఒకటి.
"ఇందులో తరుగెంత, ప్రభూ?"

అంతే ప్రార్థన.
ఇన్నేళ్లలో నోరు కాకుండా
నేను పలికిన మొదటి మాట.
జవాబు రాలేదు. చేతులు మంటపుట్టి కిందికి దిగాను.
దిగాక కూడా ముల్లు కాసేపు వణికింది.

సోమవారం, ఉన్నది ఉన్నట్టు రాశాను.
పదిహేడంటే పదిహేడు.
చెలూలే పుస్తకం తిరగేసి నవ్వాడు,
"రెండొద్దా? పోనీ ఒకటి. సరే, అరకిలో.
అరకిలోకి పరలోకం మూసేస్తారా ఏంటి?"
ఎంత నెమ్మదైన మాట! ఎంత చిన్న అంకె!
నా వేళ్లకు దురద పుట్టిన సంగతి దాచను.
ఆ చెమ్మ మొదట దిగింది
సరిగ్గా ఈ మూలనుంచే.
పుస్తకం మూసి, దాని మీద కూర్చున్నాను.

నెలాఖరుకు ఈ షెడ్డు తాళం నా దగ్గర ఉండకపోవచ్చు.
మా ఆవిడ లెక్కలు వేసి, ఆవును అమ్ముదామంది,
ఇంకేం అడగలేదు.
తిరిగివ్వాల్సిన పేర్లు నలభై మూడు రాసుకున్నాను.
ఇద్దరు సమాధుల్లో ఉన్నారు,
ఒకామె ఏ ఊరు వెళ్లిపోయిందో ఎవరికీ తెలీదు.
ఆ మూడింటికి ఎదురుగా ఏం రాయాలో
ఇప్పటికీ తోచలేదు.

పొద్దున్నే మొదటి బస్తా రాకముందు
ఉత్త కొక్కెం కింద నిలబడతాను.
టబుటానీ వస్తుంది, బస్తా దించుతుంది,
నా వైపు చూడదు,
ముల్లునే చూస్తుంది.
నేనూ అంతే.