తొంభై రెండు కిలోల గాలి

బత్తాయి లారీ నా కాంట మీదికి ఎక్కితే
అద్దంల ఎర్ర అంకెలు ఉరుకుతయి.
ఖాళీ తూకం రాస్త, నిండు తూకం రాస్త,
నడుమ మిగిలిందే సరుకు.
ఎనిమిదేండ్ల సంది ఇదే లెక్క, నల్లగొండ బైపాస్ మీద.

బండ్లు లేని ఒక మాపటియాళ్ల
నా సైకిల్‌ను నిలవెట్టి చూసిన.
ఒకపారి పది అన్నది, ఒకపారి ఇరవై.
చిన్న బరువుల మాట
ధర్మకాంటకు ఇనరాదు.

అందుకే వీరాచారి దుకాణానికి పోయిన.
ముక్కుపుడకలు తూచే కాంట మీద
సైకిల్ స్టాండు పెట్టి కండ్లద్దాలు సరిజేసుకున్నడు:
"ముప్పై ఎనిమిది తులాల ఇనుము
ఉత్తగనే మోస్తున్నవా, ఆండాలూ!"

సీటు కింది గొట్టంల దాగిన బెత్తెడు పొడుగు
జహంగీర్ ఆక్సా బ్లేడుతోని కోసిండు. ఆరు తులాలు.
ట్యూబులు పీకి టైర్లల్ల పాలు పోసినం.
పల్లేరు గుచ్చితే ఆ పాలే గడ్డకట్టి
పుండు మానినట్టు మూసుకుంటదట.
బెల్లు తియ్యబోతే చెయ్యాగింది,
గుట్ట కింద మ్యాకలు అడ్డమొస్తయి.

అన్ని కలిపి ఎనభై నాలుగు తులాలు.
నేను పొద్దుగాల తాగే నీళ్ల సీసా కంటె తక్కువ.

అయినా కాపురాల గుట్ట ఎనకబాటల దిగుతుంటే
రాయి రాయీ నా మణికట్టుకే చెప్పుకుంటుండె.
రాత్రి చెంచా పట్టుకుంటే వణుకు.
ఇంకేం తియ్యాలె? పెడల్ తియ్యాలెనా?

జహంగీరే చూసిండు,
షాక్ డబ్బా పక్కన నల్ల మార్కర్‌తో రాసిన అంకె: 210.
సైకిల్ అమ్మిన కొండాపూర్ ఆయనకు ఫోన్ జేసిన.
"అప్పుడు తొంభై రెండు కిలోలుంటిని," అన్నడు
జర సిగ్గువడుకుంట.

నేను యాభై ఎనిమిది.
మూడు నెలల సంది
ఆయన్ను మొయ్యనీకి కొట్టిన గాలి మీద తిరుగుతున్న.
నేను కూసున్న సంగతే
దానికి తెల్వదు.

హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచి, అన్నీ ఏసుకున్న.
నిండు తూకం.
గోడ పట్టుకొని మెల్లగ కూసొని, మెల్లగ దిగిన.
కడ్డీ మీది రబ్బరు ఉంగరం ఎంత జరిగిందో
స్కేలు పెట్టి కొలిసిండు.
ఏడు మిల్లీమీటర్లు.
స్స్‌మని గాలి వదిలిండు. పదకొండు.
ఇంకింత. పదిహేను.
"చాలు. కుంగాలె," అన్నడు,
"కుంగి ఉంటెనే గుంతొచ్చినప్పుడు
చక్రం కాలు చాపుకుంటది."

ఇంక ఎర్ర మీట.
మరీ ఉరుకు పెడితే లేగదూడ తీరుగ తన్ని లేస్తది,
మరీ నిదానం పెడితే రెండో రాయి వచ్చేటాళ్లకు
ఇంకా మొదటి రాయికే మొక్కుతుంటది.
వాకిట్ల అరుగు మీదికెల్లి దుంకించుకుంట,
తిట్టుకుంట, మళ్ల దుంకించుకుంట
మూడు టిక్కులు ఎనక్కి తిప్పినం.

పెట్రోల్ గుడ్డతోని 210 తుడిసి
మార్కర్ నా చేతికిచ్చిండు.
130. నా అక్షరం వంకర.

తెల్లారి అదే బాట.
రాళ్లు తక్కువ కాలే,
నిన్న నన్ను తన్నిన గుండు గూడ ఆడనే ఉన్నది.
చక్రం దాన్ని ఎక్కింది, దిగింది,
మధ్యల ఎక్కడ్నో ఆ దెబ్బ అరిగిపోయింది.
మ్యాకలకు బెల్లు కొట్టిన.
కింద ఆగి వంగి చూస్తే ఉంగరం
కడ్డీ చివరికి గోరంత దూరంల ఆగి ఉన్నది.

ఎనిమిదికి కాంట తెరిసిన.
మొదటి లారీ ఎక్కింది, ఆకుపచ్చ బత్తాయిలు,
డ్రైవర్ కిటికీలకెల్లి చీటీ కోసం చెయ్యి చాపిండు.
అంకెల దిక్కు చూడకముందు
చక్రాల మీద వంగిన
కమాను పట్టీల దిక్కు చూసిన.