మూడో గ్లాసు

నక్కలగుట్టల మూడో అంతస్తు.
మోకు లేకుంట ఓదెలు బావ
ఇంత ఎత్తు ఎక్కుడు ఇదే మొదలు.
లిఫ్టు కడ్డీ ఇడుస్తలేడు.

చెక్కపలక మీద నాలుగు చిన్న గ్లాసులు.
ఇది గోధుమది, ఇండ్ల నారింజ తొక్క,
ఇది మామిడిది, గీ నల్లది కాఫీ వాసనది,
పోరడు ఒప్పజెప్తున్నడు.
“ఏ చెట్టుది బిడ్డా?”
పోరడు అద్దమెనుక స్టీలు డ్రమ్ములు చూపెట్టిండు.

బావ నవ్వలే.
లొట్టి మూతి వాసన చూసి
వడ్డేపల్లి కట్టకింది పండుతాడా, పోతుతాడా,
పొద్దుగాల దించిందా, మాపటిదా
చెప్పే మనిషి.
ఒక్కో గుక్క నాలుక మీద ఆపి కండ్లు మూసిండు.

మూడో గ్లాసు కాడ తెరిచిండు.
“దీనికి ఉడుకు తగిలింది.”

గడ్డపాయన లోపట్నుంచి వచ్చి
కాయితం చూసుకొని
మొన్న రాత్రి కరెంటు పోయిన సంగతి
మెల్లగ ఒప్పుకున్నడు.
ఆ గ్లాసుకు పైసలు తీసుకోలే.

కింద కొంరమ్మ బండి కాడ
ఆకుదొప్పల బోటి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ.
కారానికి ముక్కు చీదుకుంట
బావ మీదికి చూసిండు.
“కడమ మూడు మంచిగనే ఉన్నయి,
ఇస్త్రీ చేసిన బట్టల లెక్క.
గా చెడిపోయిందొక్కటే, బామ్మర్దీ,
మన కల్లు తీరుగ
ఇంకా కదులుతాంది.”

ఇంకో దొప్ప పెట్టుమన్నడు.