రెండో వాయి

రూసెలారె పొలిమేరలో రాత్రి మంచు పడింది.
గడ్డపార దిగనంటోంది.
"లోతుగా తవ్వు, తెగితే మళ్లీ మొలుస్తుంది!"
కిటికీ లోపలి నుంచి మారిట్స్.
నలభై ఏళ్లు డాండెలియన్లను తిట్టినవాడు
డాక్టరు కాఫీ మాన్పించాక
వాటి వేళ్లకి కాపలా.

గోడెలీవ్ మూడు నీళ్లు పోసి కడిగింది.
గోళ్లలో మట్టి మాత్రం వదల్లేదు.
చికోరీ చక్రాలుగా, డాండెలియన్ పుల్లలుగా
పొయ్యి పక్కన రెండు రోజులు ఎండాయి.

మొదటి వాయి మాడింది. చెల్లెలి ఫోన్.
రెండో వాయికి ఫోన్ ఎత్తలేదు.
పచ్చివాసన పోయి, బెల్లప్పాకం వాసనొచ్చి,
అది చేదెక్కబోయే ముందు
ఓవెన్ తలుపు తీయాలి.
గడియారానికి తెలీదు, ముక్కుకే తెలుసు.

మారిట్స్ ఒక గుక్క తాగాడు.
"కాఫీ కాదిది."
"కాదు మరి."
కప్పు కింద పెట్టలేదు.
తోటలో గుంటలు లెక్కపెడుతూ
"కంచె పక్కన ఇంకా ఉన్నాయి" అన్నాడు.