చిక్కం

కసవనహళ్ళి రోడ్డు మీద, పొద్దున ఆరుంబావుకి,
కుక్క నా చేతిలోనే ఉంది. కాదనను.
ఎనిమిదో అంతస్తు పూవయ్య సారు కుక్క,
నలభై కిలోల నల్ల రాట్‌వీలర్,
పేరు బిస్కట్.
తాడు నాది. అంటే తాడూ వాళ్ళదే,
పట్టు మాత్రం నాది.

ఆ పట్టు ఎక్కడ సడలిందో చెప్తాను.
ఫోన్ మోగింది. గది బాడుగ మెసేజి.
ఒక్క చూపు.
అంతలో మారెక్క చీపురు
ఎండాకుల మీద సర్రుమని పోయింది.
చీపురంటే దానికి పడదు.
నాకు తెలుసు. సారుకీ తెలుసు.

ఎడమ కాలి పిక్క.
గమ్‌బూట్లు ఇచ్చుంటే పన్ను దిగేది కాదు,
కాంట్రాక్టరు ఇచ్చింది మెరిసే పట్టీల కోటు ఒక్కటే.
"వదల్రా నాయనా, వదలు" అంది
కుక్కతో, తెలుగులో.
తెలుగుకే వదిలింది అది.
రోజూ నేను దాంతో మాట్లాడేది అదే కదా.
ఆమెది మడకశిర పక్కన, నాది రొళ్ల.
ఆ పొద్దు దాకా ఒకరికొకరం తెలీదు.

స్టేషన్లో ఎస్సై చదివి వినిపించాడు
కన్నడంలో, మెల్లగా, నాకు అందేట్టు:
తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల
మనిషికి కీడు జరక్కుండా
తగిన జాగ్రత్త తీసుకోనివాడు...
అక్కడ ఆగి నా వైపు చూశాడు.
పూవయ్య సారూ నా వైపే చూశాడు.
"ఆ టైములో స్వాధీనం ఇతనిదే కదా సార్."

స్వాధీనం!
ఎకరా ముప్పై సెంట్ల నేలకు
ఆ ఒక్క మాట కోసం మా నాయన
ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ పదకొండేళ్ళు తిరిగినాడు,
రాలేదు.
నాకు చూడు, ఒక్క పూటలో వచ్చేసింది,
పళ్ళతో సహా.

టీకా పుస్తకంలో సారు పేరు,
మెడ బిళ్ళ మీద సారు నంబరు,
కరిచిన కాగితం దగ్గరికి వచ్చేసరికి
ఓబులేసు, కుక్కను తిప్పేవాడు.

ఇంకొకటుంది. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను.
ఉగాదికి ముందు అది వాచ్‌మన్ చేయి పట్టింది.
కవర్లో మూడు వేలు పెట్టారు,
మాట గేటు దాటలేదు.
ట్రైనరు వచ్చి మూతికి బుట్ట కట్టాల్సిందే అన్నాడు.
కొన్నారు కూడా.
ఒక్కసారి కట్టి మేడం కళ్ళనీళ్ళు పెట్టుకుంది,
పాపం, దీని మొహమే కనపడ్డం లేదని.
అప్పట్నుంచి అది చెప్పుల అల్మరాలో పడి ఉంది.
తెచ్చి ఎస్సై బల్ల మీద పెట్టాను,
ధర చీటీ ఇంకా వేలాడుతోంది:
పద్దెనిమిది వందల యాభై.

కట్టు కట్టిన కాలు చాపుకుని మారెక్క
దాన్ని అందుకుంది, తిప్పి తిప్పి చూసింది.
"చిక్కం కదా ఇది.
నూర్పిళ్ళప్పుడు మా నాయన
కొబ్బరి పీచుతో అల్లేటోడు,
ఎద్దు వంగి గింజ తినకుండా."
కాసేపు ఏమీ అనలేదు.
"గింజకే కట్టినాము సామీ" అంది,
"గింజకే."

ఎవరి మీద రాయమంటావని ఎస్సై అడిగాడు.
సారును చూపించింది.
నేను ఊపిరి వదిలేలోపు
"వీడిదీ రాయండి. ఫోను చూస్తా ఉండె."
రాశాడు.
రెండు పేర్లు, ఒకే కాగితం.
సారు పక్కన నా పేరు కూర్చోవడం
అదే మొదలు.

పని పోయింది, బండి మిగిలింది.
సూదులు ఐదు. ఇవాళ మూడోది.
పోయిన ప్రతిసారీ సగం పూట హాజరు కోస్తారంట,
అది ఎవరు కట్టాలో కోర్టు ఇంకా చెప్పలేదు.
ఆరోగ్య కేంద్రానికి ఆ అపార్ట్‌మెంటు ముందునుంచే పోవాలి,
వేరే దారి లేదు.
ఎనిమిదో అంతస్తు బాల్కనీలో, కమ్మీల మధ్య
బిస్కట్ నా బండి చప్పుడు గుర్తుపట్టింది.
తోక ఊపుతోందేమో, కింద్నుంచి కనపడదు.
మూతికి నల్లగా ఏదో ఉంది,
చిక్కమో, నీడో.
తల ఎత్తి చూడబోయాను.

వెనకనుంచి మారెక్క భుజం మీద తట్టింది.
"ముందు చూసి తోలు."